మంచు కింది సరస్సులో ప్రాణిని పట్టడం ఎలా?

అంటార్కిటికాకు బయల్దేరబోతున్న యువ పరిశోధకుల మేలు కోరి ఈ సలహాలు రాస్తున్నాను. నేను అక్కడికి వెళ్లలేదు. వెళ్లొచ్చినవాళ్లను ఏదైనా అడిగి చూడండి: "ఇప్పుడే చెప్పలేం", "ఇంకా తేలాలి", "అది మా చేతి మురికి కూడా కావచ్చు" అని నసుగుతారు. వెళ్లనివాడికి ఈ బాధలేవీ ఉండవు. సలహా చెప్పే అర్హత వాళ్లకంటే నాకే ఎక్కువనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ముందు చోటు గురించి నాలుగు ముక్కలు. అక్కడి సరస్సులు స్థూలంగా రెండు రకాలు. ఒక రకం ఖండాన్ని కప్పిన మంచుకు అట్టడుగున, రాతినేల మీద ఉంటాయి. వాటిలో అతి పెద్దది వోస్తోక్. పొడవు సుమారు 250 కిలోమీటర్లు, నెత్తిన మూడు ముప్పావు కిలోమీటర్ల మంచు. ఆ మంచు మీద ఉన్న అప్పటి సోవియట్ కేంద్రంలో 1983 జులై 21న ఉష్ణోగ్రత మైనస్ 89.2 డిగ్రీలకు దిగిపోయింది. అంత చలిని నేల మీద మరే థర్మామీటరూ చూడలేదు. అడుగున మాత్రం నీరు నీరుగానే ఉంది. నేల లోపలి నుంచి కొద్దికొద్దిగా వేడి వస్తూ ఉంటుంది, మీదున్న మంచు దాన్ని పైకి పోనివ్వదు. పైగా ఆ మంచు బరువుకి నీరు గడ్డకట్టాల్సిన ఉష్ణోగ్రతే సున్నా కంటే రెండు మూడు డిగ్రీలు కిందికి జారుతుంది. ఇలాంటి సరస్సులు ఇప్పటికి 600కు పైగా లెక్క తేలాయి.

రెండో రకం మెక్‌మర్డో పొడి లోయల్లోవి: బోనీ, హోర్, ఫ్రిక్సెల్, వాండా, విడా. వీటి మీద మంచు మూడు నుంచి ఐదారు మీటర్లు, విడా మీద మాత్రం పదహారు మీటర్ల పైనే. వేసవిలో గట్ల వెంట కాస్త కరుగుతుంది తప్ప నడిమి మంచు ఏటా అలాగే ఉంటుంది. చేపలు లేవు. ఉన్న జంతువుల్లో దిట్టమైనవంటే రోటిఫర్లు, నెమటోడ్లు, టార్డిగ్రేడ్లు. అవీ సూక్ష్మదర్శిని పెడితే గానీ సరిగ్గా కనపడవు. మిగతా రాజ్యమంతా బ్యాక్టీరియాది, ఆర్కియాది, నాచుది, వీటన్నిటినీ పట్టి పీడించే వైరస్‌లది.

ఇక పనిలోకి దిగుదాం.

ఖాళీ చేతులతో వెళ్లకండి

మంచు కింద ప్రాణి ఉందో లేదో ఎవరికి తెలుసు? అంత దూరం వెళ్లి, అంత ఖర్చు చేసి, ఏమీ దొరకలేదని తిరిగొస్తే పరువేం కావాలి? అందుకని మీ ప్రాణులను మీరే వెంట తీసుకెళ్లండి. దీనికోసం ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు. ఏమీ చేయకపోతే చాలు. మీ చర్మం మీద, గొంతులో, యంత్రాల గొట్టాల్లో, తాళ్ల పురుల్లో ఇప్పటికే కోట్లమంది సిద్ధంగా ఉన్నారు. బోరు మీదికి వంగి ఒక్కసారి దగ్గండి.

ఈ చిట్కా విలువ తెలియనివాళ్లు లేకపోలేదు. 2013 జనవరిలో పశ్చిమ అంటార్కిటికాలోని విలన్స్ సరస్సుకు బోరు వేసిన అమెరికా బృందం చాదస్తం చూడండి. 800 మీటర్ల మంచును వేడినీళ్లతో తొలుచుకుంటూ దిగారు. ఆ వేడినీళ్లు కూడా అక్కడి మంచును కరిగించి చేసుకున్నవే. అయినా వాటిని 0.2 మైక్రాన్ల వడపోతలోంచి పంపారు, అతినీలలోహిత కాంతి చూపించారు, బాగా కాచారు. కిందికి దించే గొట్టాలనూ పరికరాలనూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగారు. పోయే దారిలో నీళ్లు తీసి, అందులో కణాలెన్నో లెక్కపెట్టుకున్నారు. ఇంత మడీ ఆచారం పాటించి చివరికి సాధించిందేమిటి? అడుగున రెండు మీటర్ల లోతు నీరుంది, అందులో మిల్లీలీటరుకు 1,30,000 కణాలున్నాయి, అవి బతికే ఉన్నాయి. 2014లో నేచర్ పత్రికలో వేశారు. లోతైన సముద్రపు నీటిలో ఉండే జనాభాకు ఇది తీసిపోదు. కానీ ఆ లెక్కను ఎవరూ కాదనలేదు. కాదనేవాడు లేకపోతే చర్చ ఎక్కడిది, చర్చ లేకపోతే పేరెక్కడిది?

ఇంకో చాదస్తం కూడా చెప్పాలి. పొడి లోయల్లో గుడారం వేసుకున్నవాళ్లు చివరికి మూత్రం కూడా సీసాలో పట్టి వెనక్కి తీసుకురావాలట. అక్కడి నేలకు, నీటికి నత్రజని అరుదైన సరుకు, ఒక మనిషి ఒక్క పొద్దులో పోసేది కూడా లెక్కలు తారుమారు చేస్తుందట. ఇంత పిసినారి సరస్సుకు నాలుగు చుక్కలు దానం చేస్తే తప్పేమిటో నాకు అర్థం కాలేదు.

బోరు నిండా కిరసనాయిలు పోయండి

నిజానికి లోతైన బోరులో ఏదో ఒకటి పోయక తప్పదు. మంచు గట్టిగా కనిపిస్తుంది గానీ అంత ఒత్తిడిలో నెమ్మదిగా పాకుతుంది, బెజ్జాన్ని మూసేస్తుంది. దాన్ని తెరిచి ఉంచాలంటే గడ్డకట్టని, మంచుకు సరితూగే బరువున్న ద్రవం కావాలి. వోస్తోక్‌లో కిరసనాయిలు పోసి, అది తేలిక కాబట్టి బరువు కోసం ఫ్రియాన్ కలిపారు. అలా బోరులో పోగైంది సుమారు 60 టన్నులు. అప్పట్లో వాళ్ల ధ్యాస సరస్సు మీద కాదు, పాత వాతావరణం మీద. ఆ బోరు నుంచి తీసిన మంచు దిమ్మెలు నాలుగు లక్షల ఏళ్ల పైచిలుకు గాలి కథ చెప్పాయి. 1996 వచ్చేసరికి కింద ఎంత పెద్ద సరస్సుందో లోకానికి అర్థమైంది. దాంతో 1998లో 3,623 మీటర్ల దగ్గర, నీరు ఇంకా 130 మీటర్లు ఉందనగా, ఆపేశారు. సరస్సులోకి కిరసనాయిలు పోతుందేమోనని భయం. మళ్లీ మొదలుపెట్టడానికి ఏళ్లూ పూళ్లూ వాదించుకున్నారు.

ఇక్కడే నా సలహా అవసరం. కిరసనాయిలును చచ్చిన ద్రవమని చిన్నచూపు చూడకండి. బోరులోని ఆ నూనెనే తీసి పరీక్షించిన రష్యా శాస్త్రవేత్తలు 2007లో ఏం రాశారో తెలుసా? అందులో స్ఫింగోమోనాస్ జాతి బ్యాక్టీరియా ఉన్నాయి. హైడ్రోకార్బన్లను తిని బతకగల జాతి అది. కింద ప్రాణి ఉందా లేదా అని లోకమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, పోసిన నూనెలోనే కాపురాలు వెలిశాయన్నమాట! వెతికేదీ, వెంట తెచ్చిందీ ఒకే గొట్టంలో దొరకడం కంటే సదుపాయం ఏముంటుంది?

2012 ఫిబ్రవరి 5న, 3,769 మీటర్ల లోతున, బోరు నీటిని తాకింది. అప్పుడు వాళ్లు చేసిన పని నాకు నచ్చలేదు. బోరులోని ద్రవం ఒత్తిడి సరస్సు ఒత్తిడి కంటే తక్కువ ఉండేలా ముందే చూసుకున్నారు. దాంతో నూనె కిందికి పోవడానికి బదులు సరస్సు నీరే ఎగదన్ని బోరులోకి వచ్చి, అక్కడే గడ్డకట్టింది. మరుసటి వేసవిలో వచ్చి ఆ గడ్డను తొలుచుకుని నమూనా తీసుకున్నారు. నూనె సరస్సులో కలవలేదు గానీ, పైకొచ్చిన నీటిలో మాత్రం కలవనే కలిసింది. దేవుడున్నాడు.

ఉత్త సీసాను పరీక్షించకండి

చాదస్తులకు ఒక అలవాటుంది. నమూనా సీసాతో పాటు, ఏమీ లేని శుభ్రమైన నీళ్ల సీసా ఒకటి పక్కన పెడతారు. నమూనాకు చేసిన ప్రతిదీ దానికీ చేస్తారు: అదే వడపోత, అదే గది, అదే రసాయనం, అదే యంత్రం. ఆ ఉత్త సీసాలో ఏ జీవి బయటపడితే, నమూనాలోనూ ఆ జీవిని కొట్టేస్తారు. ఇంత మనసు పాడుచేసే పని ఇంకొకటి లేదు. డీఎన్ఏను వేరుచేయడానికి బజారులో అమ్మే కిట్లలోనే బ్యాక్టీరియా డీఎన్ఏ ఉంటుందని 2014లో లెక్కలతో సహా చూపించారు. చెరువు నీరో, పేడో పరీక్షించేవాడికి ఆ కాస్త కల్తీతో నష్టం లేదు, అసలు సరుకు ముందు అది లెక్కలోకి రాదు. మీరు పరీక్షించేది వోస్తోక్ మంచు. అందులో ఉన్నదే చిటికెడు. అక్కడ కిట్టులోని కల్తీయే నమూనా అయి కూర్చుంటుంది. ఉత్త సీసా లేకపోతే ఈ సంగతి మీకు తెలియదు, తెలియకపోతే అది లేనట్టే.

వోస్తోక్ సరస్సు నీరే పైన మంచుకు అడుగుభాగాన గడ్డకట్టిన పొరను బోరులోంచి తీసి, 1999లో రెండు బృందాలు ఒకేసారి ఫలితాలు ప్రకటించాయి. ఒకరు మిల్లీలీటరుకు రెండు మూడు వందల కణాలన్నారు. రెండోవారు వేలల్లో చెప్పారు. పెద్ద అంకెనే పట్టుకోండి. 2004లో మరో బృందం అదే పొరలో ఒక బ్యాక్టీరియా డీఎన్ఏ పట్టింది. దాని పేరు హైడ్రోజినోఫిలస్ థర్మోల్యూటియోలస్, దానికి ఇష్టమైన చోటు వేడినీటి ఊట. సరస్సు అడుగున వేడి బుగ్గలున్నాయనడానికి ఇది సూచన కావచ్చునన్నారు. బాగానే ఉంది. కానీ ఆ బృందమే ఒక జాబితా కూడా రాసి పెట్టుకుంది: నూనెలో ఉన్నవి, ప్రయోగశాలలో తిరిగేవి, మనిషి ఒంటి మీదివి. నమూనాలో దొరికినవాటిలో ఆ జాబితాకెక్కిన ప్రతిదాన్నీ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. జాబితా రాయాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, పుట్టకుండా ఉండాల్సింది.

2013లో అమెరికాలో ఇంకో బృందం వోస్తోక్ మంచులో 3,507 రకాల జన్యు వరుసలు దొరికాయని ప్రచురించింది. అందులో చేపల వెంట ఉండే బ్యాక్టీరియావి కూడా ఉన్నాయి. చేపలు ఉండవచ్చునా అని పత్రికలు ఊరించాయి. ఈ రంగంలో ఆరితేరినవాళ్లు మాత్రం "ఇది మీ గదిలోని దుమ్ము కాదని ఎలా చెప్పగలరు?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లను వెంట తీసుకెళ్లకండి.

దొరకగానే పత్రికలవాళ్లను పిలవండి

తేదీ ముఖ్యం, తేలడం ముఖ్యం కాదు. 2013 మార్చిలో రష్యాలోని ఒక పరిశోధన సంస్థ నుంచి ప్రకటన వచ్చింది: వోస్తోక్ నమూనాలో లోకానికి తెలిసిన ఏ జాతితోనూ 86 శాతానికి మించి పోలిక లేని బ్యాక్టీరియా దొరికిందని. ప్రపంచమంతా వార్త. రెండు రోజులు తిరక్కముందే అదే సంస్థలో జన్యుశాస్త్ర ప్రయోగశాల అధిపతి అవి కల్తీ వల్ల వచ్చినవేనని చెప్పేశారు. కనుక్కున్నవారు తమ మాటకే కట్టుబడ్డారు. ఇది చూసి మీరు నేర్చుకోవాల్సిన పాఠం ఒకటే. ప్రకటన శుక్రవారం సాయంత్రం చేయండి, ఎదుటివాడు సోమవారం దాకా దొరకడు.

కంటికి కనిపించింది కనిపించినట్టు చెప్పేయడం కూడా అలవాటు చేసుకోండి. 1911లో గ్రిఫిత్ టేలర్ ఒక హిమానీనదం చివర మంచులోంచి ఎర్రటి నీరు కారుతుండడం చూసి, ఎర్ర నాచు కాబోలనుకున్నాడు. చక్కటి ఆలోచన. తర్వాతివాళ్లు చెడగొట్టారు. అది ఇనుము. మంచు కింద చిక్కుకుపోయిన ఉప్పునీరు గాలి తగలగానే తుప్పు రంగుకు తిరుగుతోంది. అక్కడితో ఊరుకోకుండా జిల్ మికుకీ బృందం 2009లో ఆ నీటిలో బ్యాక్టీరియా ఎలా బతుకుతున్నాయో కూడా చెప్పింది: కొన్ని లక్షల ఏళ్లుగా వెలుతురూ ఆక్సిజనూ లేకుండా, సల్ఫేటునూ ఇనుమునూ వాడుకుంటూ. టేలర్‌కు తెలియనిదేమిటంటే, ప్రాణి ఉందన్నమాట సరైనదే, ఎరుపు మాత్రం దానిది కాదు.

2018-19 వేసవిలో బోరు వేసిన మెర్సర్ సరస్సు అడుగు బురదలో టార్డిగ్రేడ్ వంటి జంతువులు దొరికినప్పుడు "కిలోమీటరు మంచు కింద జంతువులు" అని రాయించుకునే అవకాశం వచ్చింది. వాళ్లు దాన్ని చేజేతులా వదులుకున్నారు. అవి కళేబరాలనీ, ఒకప్పుడు ఎగువ కొండల్లోని గుంటల్లో బతికినవి ఇక్కడికి కొట్టుకొచ్చి ఉండవచ్చనీ చెప్పేశారు. కళేబరం అని ఎవరు చెప్పమన్నారు? నిద్రపోతున్నాయంటే సరిపోయేది.

అతిథి మర్యాదలకు లోటు చేయకండి

మనవాళ్లకు ఈ సలహా ఇట్టే నచ్చుతుంది. సున్నా డిగ్రీల నీటిలోంచి తెచ్చిన జీవి పాపం వణికిపోతుంటుంది. దాన్ని వెంటనే 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టండి. వేలాది ఏళ్లుగా పస్తులున్న జీవికి చిక్కటి మాంసరసం, పంచదార, ఈస్టు సారం పుష్కలంగా పోయండి. ఒక రాత్రి చూడండి. మర్నాటికి పళ్లెం నిండా విరగ్గాస్తే అవి మీ చేతివే, పళ్లెం ఖాళీగా ఉంటే సరస్సు చచ్చిపోయినట్టే. రెండు విధాలా పని ఒక్క రోజులో అయిపోతుంది.

గిట్టనివాళ్ల వాదన వేరే ఉంది. బోనీ సరస్సులో 17 మీటర్ల లోతు నుంచి తెచ్చిన ఒక పచ్చ నాచు ఉంది. ఈమధ్యే దానికి క్లామిడోమోనాస్ ప్రిస్కుయి అని, ఆ సరస్సుల మీద జీవితమంతా పనిచేసిన జాన్ ప్రిస్కు పేరు పెట్టారు. అది ఎనిమిది డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, పదహారు దాటితే పెరగడం మానేస్తుంది, మన హైదరాబాదు జనవరి మధ్యాహ్నానికి చచ్చిపోతుంది. అంటార్కిటికాలోనే ఇంకోచోట ఉన్న ఏస్ సరస్సు అడుగు నుంచి తీసిన మీథేన్ చేసే ఆర్కియాదీ అదే వరస. వీటి ఎంజైములు చలిలో వంగి పనిచేసేలా వదులుగా అల్లుకుని ఉంటాయి, వేడి తగిలితే ఆ అల్లిక జారిపోతుంది.

దీని మీద మన ఊళ్లోనే గట్టి పని జరిగింది. అంటార్కిటికా గుంటల్లోని సయనోబ్యాక్టీరియా తెట్టెల నుంచి ప్లానోకోకస్ అంటార్కిటికస్ వంటి కొత్త జాతులను 2002లో వర్ణించింది హైదరాబాదు సీసీఎంబీలోని ఎస్. శివాజీ బృందమే. అదే సంస్థలో ఎం.కె. రే బృందం ఒక అంటార్కిటికా సూడోమోనాస్‌ను పట్టుకుని, చలిలో దాని కణపు పొర ఎందుకు బిగుసుకుపోదో ఏళ్ల తరబడి చూసింది. సంగతి వంటింట్లో తెలిసిందే: సంక్రాంతి చలికి కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకడుతుంది, పక్కనే ఉన్న నువ్వులనూనె మాత్రం ద్రవంగానే ఉంటుంది. నువ్వులనూనెలో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు ఎక్కువ. చలి పెరిగేకొద్దీ ఈ బ్యాక్టీరియా కూడా తన పొరలో ఆ జాతి కొవ్వుల పాలు పెంచుకుంటుంది. ఇంత తెలిశాక కూడా ఇంక్యుబేటర్ స్విచ్చి వేయడానికి చెయ్యి వెనకాడితే, మీలో పట్టుదల తక్కువని అర్థం.

తిండి విషయంలోనూ వాళ్లది గొడవే. విలన్స్ సరస్సులో సూర్యుడు లేడు, ఆకు లేదు. అక్కడి జీవులు మంచు రాతిని నూరగా వచ్చిన గంధకాన్ని, ఇనుమును, పాత సముద్రపు బురదలోని అమ్మోనియాను ఆక్సీకరించి బతుకుతున్నాయి. బురదలోంచి పైకొచ్చే మీథేన్‌ను దాదాపు మొత్తం మధ్యలోనే కొన్ని బ్యాక్టీరియా తినేస్తున్నాయని 2017లో తేలింది. అలాంటివాటికి మాంసరసం పోస్తే ఎదగవు సరికదా, దెబ్బతినే ప్రమాదం ఉందట. పల్చటి ద్రావణంలో, నాలుగైదు డిగ్రీల దగ్గర, నెలల తరబడి కదపకుండా ఉంచాలట. నెలలా! నిధుల గడువు మార్చి ఆఖరుకు అయిపోతుంది.

విడా సరస్సువి మరీ మొండివి. మైనస్ 13 డిగ్రీలు, సముద్రానికి ఆరు రెట్లు ఉప్పు, ఆక్సిజన్ లేదు, 2,800 ఏళ్లుగా బయటి లోకంతో సంబంధం లేదు. అందులోనూ బ్యాక్టీరియా బతికున్నాయని 2012లో ప్రచురించారు. ఆ నీటిలో నైట్రస్ ఆక్సైడ్ విపరీతంగా ఉంది, అంటే లాఫింగ్ గ్యాస్. అంత కష్టంలోనూ ఎలా నెట్టుకొస్తున్నాయో నాకు అప్పుడు బోధపడింది.

సరస్సును ఒకసారి బాగా కలియబెట్టండి

వాండా సరస్సు మీద మంచు, అడుగున మాత్రం 25 డిగ్రీల వెచ్చదనం. అడుగున భూమి వేడి ఉందేమోనని మొదట అనుకున్నారు. 1962లో విల్సన్, వెల్‌మన్ అనే ఇద్దరు అది సూర్యుడి పనేనన్నారు. అద్దంలాంటి మంచులోంచి, తేట నీటిలోంచి వేసవి వెలుతురు అడుగుదాకా దిగుతుంది. అడుగున కాల్షియం క్లోరైడ్ నిండిన చిక్కటి ఉప్పునీరు. అది వేడెక్కినా, మీది మంచినీటి కంటే బరువే కాబట్టి పైకి తేలదు, వేడి అక్కడే చిక్కిపోతుంది. ఏటికేడు కొంచెం కొంచెంగా పోగైన వేడి అది. ఇంత వేడిని అడుగున వృథాగా దాచుకోవడం ఏం న్యాయం? ఒక మోటారు పెట్టి నాలుగు రోజులు కలియతిప్పితే సరస్సంతా సమానంగా గోరువెచ్చనవుతుంది.

అలా తిప్పితే ఏం పోతుందంటే, వాళ్లు చెప్పేది ఇది. పైన మంచు ఉంది కాబట్టి గాలి నీటిని కదపలేదు. కదలని నీటిలో ప్రతి లోతుకూ ఒక లోకం. పైన ఆక్సిజన్ మోతాదుకు మించి ఉంటుంది, ఎందుకంటే నాచు వదిలిన వాయువు, నీరు గడ్డకట్టేటప్పుడు బయటికి నెట్టిన వాయువు, రెండూ మంచు దాటి పోలేవు. అడుగున ఆక్సిజన్ చుక్క కూడా లేదు. ఈ రెంటి మధ్య ఒకటి రెండు మీటర్ల మందం అంచులో అమ్మోనియాను తినేవి, గంధకాన్ని వాడేవి, మసక నీలి వెలుతురుకు అలవాటుపడ్డ నాచులు అంతస్తులవారీగా సర్దుకుని ఉంటాయి. బోనీ నాచు 17 మీటర్ల లోతునే ఉండడానికి కారణం అదే. ఒక్కసారి కలియబెడితే ఆ సర్దుబాటు మళ్లీ కుదరడానికి వందల ఏళ్లు పడుతుంది. సరే, అందుకే ఒక్కసారే కలపమంటున్నాను.

కలపడం కుదరకపోతే స్నానమైనా చేయండి. వాండా దగ్గర న్యూజిలాండ్ కేంద్రం ఉన్న రోజుల్లో, వేసవిలో గట్టున కరిగిన నీటిలో ఒంటిమీద గుడ్డ లేకుండా మునిగినవాళ్లకు "రాయల్ లేక్ వాండా స్విమ్ క్లబ్" సభ్యత్వం ఇచ్చేవారు. సరస్సు నీరు ఎగబాకుతోందని ఆ కేంద్రాన్ని 1990లలో ఎత్తేశారు. క్లబ్బు పోయినా సలహా పోలేదు. షాంపూ మరిచిపోకండి.

మంచు మీద మట్టిని ఊడ్చేయండి

పొడి లోయల సరస్సుల మీద మంచు చూడ్డానికి బాగుండదు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, రాళ్లు మచ్చలు మచ్చలుగా పడుంటాయి. ఫోటోలు పాడవుతాయి. ఒక చీపురు తీసుకెళ్లండి.

వద్దనేవాళ్ల కారణం వినండి, కాస్త బాగానే ఉంటుంది. ఆ నల్లటి ఇసుక ఎండను పీల్చుకుని కింది మంచును కరిగించుకుంటూ దిగి, రెండు మీటర్ల లోతున ఆగుతుంది. వేసవిలో దాని చుట్టూ చిన్న నీటి గదులు ఏర్పడతాయి. ఇసుకతో వచ్చిన సయనోబ్యాక్టీరియా అక్కడ మేలుకుని కర్బనాన్నీ నత్రజనినీ స్థిరపరుస్తాయి, మిగతా బ్యాక్టీరియా వాటి మీద ఆధారపడతాయి. 1998లో ప్రిస్కు బృందం దీన్ని సైన్స్ పత్రికలో రాసింది. అంటే సరస్సులోనే కాదు, సరస్సు మూతలోనూ కాపురాలున్నాయి. హోర్ సరస్సులో ఇంకో వింత. అడుగున పరుచుకున్న సయనోబ్యాక్టీరియా తెట్టెలో ఆక్సిజన్ బుడగలు చేరి, తెట్టె ముక్కలు ఊడి పైకి తేలతాయి, మంచుకు అడుగున అతుక్కుని గడ్డకడతాయి. మంచు పైన ఆవిరైపోతూ, కింద కొత్తగా పేరుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ ముక్కలు ఏళ్ల తరబడి మంచులో మెల్లగా పైకి జరిగి, చివరికి ఉపరితలం మీద తేలి, గాలికి ఎగిరిపోయి ఇంకో సరస్సులో పడతాయి. మీరు చీపురుతో ఊడ్చింది చెత్త కాకపోవచ్చు, వలసపోతున్న ఊరు కావచ్చు.

అయినా ఫోటో ముఖ్యం.

చలికాలం ఉండకండి

నవంబరులో వెళ్లి జనవరిలో తిరిగి రండి. చీకటి నాలుగు నెలల్లో అక్కడేమీ జరగదని రాసేయండి. మీరు లేనప్పుడు జరిగింది జరిగినట్టు ఎలా అవుతుంది? ఫ్రిక్సెల్‌లో, హోర్‌లో ఉండే క్రిప్టోఫైట్ నాచులు పచ్చగా ఉండి కూడా బ్యాక్టీరియాను మింగుతాయని జోహన్నా లేబోర్న్-ప్యారీ బృందం చూపించింది. వేసవిలో వెలుతురు, కరువులో వేట, రెండూ చేతిలో పెట్టుకుని చీకటిని దాటేస్తాయన్నమాట. శాకాహారమో మాంసాహారమో తేల్చుకోలేని జీవుల కోసం మీరు చీకట్లో కూర్చోవాల్సిన అవసరం లేదు.

ఓడిపోతే నోరు మెదపకండి

చివరిది అన్నిటికంటే ముఖ్యం. 2012 డిసెంబరులో బ్రిటన్ బృందం మార్టిన్ సీగర్ట్ ఆధ్వర్యంలో ఎల్స్‌వర్త్ సరస్సుకు వేడినీటి బోరు వేయబోయింది. మూడు కిలోమీటర్లకు పైగా మంచు. పైన 300 మీటర్ల లోతున ఒక నీటి గది చేసి, రెండు బోర్లను అక్కడ కలపాలి, అప్పుడే కిందికి పంపిన నీరు పంపుతో పైకి తిరిగొస్తుంది. ఇరవై గంటలకు పైగా ప్రయత్నించారు, రెండో బోరు ఆ గదిని అందుకోలేదు. నీరు మంచులోకి ఇంకిపోయింది, ఇంధనం తరిగిపోయింది. బోరు సరస్సును చేరినా మళ్లీ గడ్డకట్టి మూసుకుపోయేలోపు నమూనా తీసుకోవడానికి ఉండేది ఒక్క రోజు. ఆ ఒక్క రోజుకు సరిపడా వేడినీళ్లు లేవని తేలాక క్రిస్మస్ రోజున ఆపేశారు.

అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. వాళ్లు ఇంటికొచ్చి, బాయిలర్ ఎక్కడ మొరాయించింది, గది ఎందుకు అందలేదు, ఇంధనం లెక్క ఎక్కడ తప్పింది, తర్వాతివాళ్లు ఏం మార్చుకోవాలి అని మొత్తం రాసి అచ్చువేశారు. డబ్బు ఖర్చుపెట్టి ఏమీ కనుక్కోలేదని పేరుపెట్టి సంతకం చేసి చెప్పడం నేనెక్కడా చూడలేదు. ప్రతివాడూ ఇలా జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెడితే కుర్రాళ్లు ఆ కాగితాలే చదువుకుంటారు. నాబోటి సలహాదారుడి గుమ్మం తొక్కేదెవరు?